తేగలు తీశాక మిగిలే తాటి బుర్రలు: ఏరడం నుంచి బొగ్గు దాకా

సంక్రాంతి వెళ్లిన వారానికి మా గోదావరి పల్లెల్లో చాలా పెరళ్లు ఒకేలా కనిపిస్తాయి. తేగల పాతర తవ్వేసి ఉంటుంది. పక్కన తాటి బుర్రల, అంటే మొలకెత్తిన తాటి టెంకల గుట్ట ఉంటుంది. తేగలు కట్టలు కట్టుకుని సంతకి వెళ్లిపోతాయి. బుర్రలు మాత్రం మాఘం, ఫాల్గుణం, చైత్రం దాటినా అక్కడే పడి ఉంటాయి. పూర్వం పొయ్యిలోకి వాడేవాళ్లు. ఇంటింటికీ గ్యాస్ వచ్చాక అదీ తగ్గింది. చివరికి ఎవరో ఒకరు చెత్తతో కలిపి నిప్పు పెడతారు, లేదంటే తొలకరి దాకా అలాగే వదిలేస్తారు.

రెండూ నష్టమే. చెత్తలో కాలిస్తే పొగ తప్ప ఏమీ మిగలదు. వానకి వదిలేస్తే ఇంకో ప్రమాదం. సగానికి చీలిన బుర్ర అంటే చిన్న గిన్నె. అందులో వాననీరు వారం, పది రోజులు నిలిస్తే చాలు, డెంగీ తెచ్చే దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా ఎదిగిపోతుంది. మీరు ఈ వ్యాసంలో ఇంకేమీ పాటించకపోయినా ఒక్క పని చేయండి: పెరట్లో ఉన్న చిప్పలన్నీ ఇవాళే బోర్లించండి.

నేను కొన్నేళ్లుగా ఈ బుర్రల మీదే పని చేస్తున్నాను. మంచివాటితో గిన్నెలు, దీపం చిప్పలు చేస్తాను. మిగతావి బొగ్గు చేసి మట్టిలో కలుపుతాను. తాటిచెట్టు మనం నీళ్లు పోయకుండా, ఎరువు వేయకుండా గట్ల మీద తనంతట తాను పెరిగే చెట్టు. అది ఇచ్చిన అంత గట్టి పెంకును బూడిద చేయడం నాకు ప్రాణం ఒప్పదు. ఎలా వాడుకోవాలో నాకు తెలిసినంత వరకు వరసగా చెబుతాను.

ముందు ఏది ఏదో తెలుసుకోవాలి

తాటికాయ నుంచి మనకు మూడు రకాల మిగులు వస్తుంది. మూడింటినీ కలిపేస్తే పని చెడుతుంది.

మొదటిది వేసవిలో ముంజలు తీశాక మిగిలే డొప్ప. అది పచ్చిది, నిండా నీరు, మెత్తటి పీచు. పిల్లలు ముంజలు తిన్న కాయల్ని పుల్లకు గుచ్చి బండి చేసుకుని దొర్లిస్తారే, అదే. దాన్ని పశువులకు వేయండి, లేదా ఎరువు గుంతలో వేయండి. బొగ్గుకి, బొమ్మలకి పనికిరాదు.

రెండోది బుర్రగుంజు చిప్ప. శ్రావణ భాద్రపదాల్లో రాలిన తాటిపండు గుజ్జు తీశాక టెంకలు మిగులుతాయి. పండుకి ఒకటి నుంచి మూడు దాకా ఉంటాయి. వాటిని పాతరలో పేరిస్తే మొలకెత్తుతాయి. దీపావళి, కార్తీకం రోజుల్లో కొన్నిటిని కొట్టి లోపలి తెల్లటి గుంజు తింటాం. అప్పుడు వచ్చే సగం చిప్పలు ఇవి. శుభ్రంగా, చీలిక సమంగా ఉంటాయి. చేతిపనికి వీటిని మించినవి లేవు.

మూడోది తేగ బుర్ర. టెంక మొలిచినప్పుడు కాడ బయటికి వచ్చి సూటిగా నేలలోకి దిగుతుంది, తేగ ఆ అడుగున తయారవుతుంది. బుర్ర మాత్రం పైనే ఉండిపోతుంది. అందుకే పాతర తవ్వగానే బుర్రలన్నీ ముందు చేతికి వస్తాయి. (తెలంగాణలో తేగల్ని గేగులు అంటారు, పని మాత్రం ఒకటే.) ఇవి చీలకుండా, ఓ మూల కాడ వచ్చిన చిల్లుతో ఉంటాయి. లోపల గుంజు ఎండిపోయో కుళ్లిపోయో ఉంటుంది. గుట్టల కొద్దీ మిగిలేవి ఇవే, బొగ్గుకు సరైనవీ ఇవే.

ఒక బుర్రని చేతిలోకి తీసుకుని చూడండి. పైన జుట్టులాగా పీచు. అది పీకితే నల్లటి, చెక్కలాంటి పెంకు. గోరు దిగదు. కొబ్బరి చిప్పకి ఎంత గట్టిదనం ఉందో దీనికీ దాదాపు అంతే ఉంది. ఇలాంటి గట్టి పెంకు బొగ్గయితే మామూలు కర్రబొగ్గులా చేతిలో పొడి కాదు. బరువుగా ఉండి, లోపల కంటికి కనిపించని సన్నటి రంధ్రాలు ఎక్కువ ఉంటాయి. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో, 1918లో, అమెరికాలో ప్రజల దగ్గర పీచ్ పండ్ల టెంకలు, వాల్‌నట్ పెంకులు సేకరించింది ఇందుకే. విషవాయువు నుంచి సైనికుల్ని కాపాడే మాస్కుల్లోకి ఆ పెంకుల బొగ్గు కావలసి వచ్చింది.

చీల్చడం, ఆరబెట్టడం

తేగ బుర్రల విషయంలో అందరూ చేసే తప్పు ఒకటుంది. పైన ఎండినట్టు కనిపించగానే మంటలో వేసేస్తారు. లోపల గుంజు ఇంకా తడిగానే ఉంటుంది. మంట అంతా ఆ తడిని ఆవిరి చేయడానికే సరిపోతుంది, తెల్లటి పొగ ఊరంతా కమ్ముతుంది. అందుకే బుర్రని రెండుగా చీల్చి తీరాలి.

చీల్చడం మా మేనత్త దగ్గర నేర్చుకున్నాను. కింద ఒక తాటి మొద్దు. బుర్రని అంచు మీద నిలబెట్టి, కాడ వచ్చిన చిల్లు పైకి వచ్చేలా ఎడమచేత్తో పీచు పట్టుకుంటుంది. బరువైన కత్తి ఆ చిల్లు మీదుగా ఒక్కసారి దిగుతుంది. కత్తి ఇరుక్కుంటే కత్తితో పాటు బుర్రనీ ఎత్తి మొద్దు మీద ఇంకోసారి వేస్తుంది, అంతే. "ఒక్క దెబ్బకి పడాలిరా. రెండో దెబ్బకి చిప్ప పక్కకి పోద్ది" అనేది. ఆవిడ వేళ్లు ఎప్పుడూ పీచు చివర ఉండేవి, బుర్ర మీద కాదు. అలవాటు లేనివాళ్లు చేత్తో పట్టుకోవద్దు. మొద్దులో చిన్న గుంట చెక్కి అందులో బుర్ర నిలబెట్టి, రెండు చేతులతో గొడ్డలి పట్టుకుని కొట్టండి.

చీల్చాక లోపలి గుంజు గీకెయ్యండి. అది ఎరువు గుంతకి పోతుంది. చిప్పల్ని బోర్లించి ఎండలో రెండు మూడు వారాలు ఉంచండి. మాఘమాసపు ఎండ చాలదనిపిస్తే ఇంకో వారం. ఎండిందో లేదో చెవితో తెలుస్తుంది. రెండు చిప్పలు ఒకదానితో ఒకటి కొట్టండి. "టక్" అని పొడిగా మోగితే ఎండినట్టు. మొద్దుగా వినిపిస్తే ఇంకా తడి ఉంది.

ఎండాక మూడు కుప్పలు చేయండి. పగుళ్లు లేకుండా అంచు సమంగా చీలినవి ఒక కుప్ప, ఇవి చేతిపనికి. వంకరగా పగిలినవి, ముక్కలు ఇంకో కుప్ప, ఇవి బొగ్గుకి. పుచ్చిపోయి వేలితో నొక్కితే నలిగేవి మూడో కుప్ప, అవి చెట్ల మొదళ్లలో మల్చింగ్‌గా పరిచేయండి. నూటికి పదో పదిహేనో మొదటి కుప్పలోకి వస్తే సంతోషించాలి.

మంచి చిప్పతో గిన్నె

ఈ పనికి మెషిన్లు అక్కర్లేదు. హాక్సా బ్లేడు, ఇనప బ్రష్, గరుకు కాగితాలు నాలుగు రకాలు, కొంచెం కొబ్బరి నూనె చాలు. గరుకు కాగితాలు 80, 150, 320, 600 నంబర్లవి తీసుకోండి. హార్డ్‌వేర్ షాపులో నంబరు చెబితే ఇస్తారు.

చిప్పని రెండు రోజులు నీళ్లలో నానబెడితే పీచు వదులవుతుంది. ఇనప బ్రష్‌తో పీచు దిశలోనే గీకాలి, అడ్డంగా గీకితే పెంకు మీద గీతలు పడతాయి. తర్వాత అరగంట నీళ్లలో మరిగించండి. లోపల దాక్కున్న పురుగు చస్తుంది, మిగిలిన గుంజు వాసన పోతుంది. మళ్లీ నీడలో ఆరబెట్టాలి. ఇక్కడ ఎండలో పెడితే పగుళ్లు వస్తాయి, తొందరపడకండి.

ఆరాక అంచుని బ్లేడుతో సమం చేసి, 80 నంబరుతో మొదలుపెట్టి లోపల, బయట రుద్దండి. దుమ్ము చాలా సన్నంగా ఉంటుంది, ముక్కుకి గుడ్డ కట్టుకోండి. 150, 320 అయ్యాక ఒకసారి తడిగుడ్డతో తుడిచి చూడండి. నల్లటి పెంకు మీద సన్నటి గోధుమరంగు చారలు తేలతాయి. ఆ చారలు కనిపించేదాకా రుద్దితేనే ఇది తాటి బుర్ర అని చూసేవాళ్లకి తెలుస్తుంది, లేకపోతే కొబ్బరి చిప్ప అనుకుంటారు. 600తో ముగించి, కొబ్బరి నూనె రెండు పూటలు పట్టించి, పొడిగుడ్డతో తుడవండి.

తినే వస్తువులు వేసే గిన్నెకి వార్నిష్ వేయకండి, నూనె చాలు. పప్పులు, పోపు దినుసులు, ఉప్పు లాంటి పొడి సరుకు వేసుకోవచ్చు. చారు, పులుసు పోసి నిలవ ఉంచేందుకు పనికిరాదు. దీపం పెట్టాలంటే చిప్పలో మట్టి ప్రమిద పెట్టి అందులో వెలిగించండి, చిప్పలోనే నూనె పోసి వత్తి వేస్తే చిప్ప అంటుకుంటుంది. అడుగున మూడు చిల్లులు పెట్టి తాడు కడితే చిన్న మొక్కలకి వేలాడే కుండీ అవుతుంది. ఆర్కిడ్లు పెంచేవాళ్లకి పీచు తీయని చిప్పే నయం, వేళ్లు ఆ పీచుని పట్టుకుంటాయి.

బొగ్గు చేయడం

అసలు విషయం ఇది. బుర్రల్లో ఎక్కువ భాగం పోవలసింది ఇటే.

బొగ్గు అంటే కాల్చడం కాదు, గాలి అందకుండా వేడి చేయడం. వేడికి పెంకులోంచి ఆవిరి, తారు, మండే వాయువులు బయటికి పోతాయి. కర్బనం మిగులుతుంది. గాలి అందితే ఆ కర్బనం కూడా కాలి బూడిద అవుతుంది. కాబట్టి మన పనల్లా వేడి ఉంచడం, గాలి ఆపడం. దీనికి నేను వాడేది గరాటు గుంత. డబ్బు ఖర్చు లేదు, పొగ తక్కువ.

గుంత తవ్వడం. పైన మీటరు వెడల్పు, లోతు రెండడుగులు, కింది భాగం వెడల్పు అడుగున్నర. గోడలు ఏటవాలుగా, గరాటులా దిగాలి. నిట్టనిలువు గోడ తవ్వితే అంచున గాలి దిగి అక్కడ బూడిద అవుతుంది. గోడల్ని పారతో గట్టిగా కొట్టి నున్నగా చేయండి. తడి నేలలో తవ్వొద్దు.

చోటు. ఇది మరీ మరీ చెబుతున్నాను. తాటాకు ఇల్లు, గడ్డివాము, పశువుల పాక దగ్గర వద్దు. గాలి ఎటు వీస్తోందో చూసి, ఆ వైపు కనీసం యాభై అడుగులు ఖాళీ ఉండాలి. తాటాకు ఇళ్లు ఒకదాని వెంట ఒకటి అంటుకోవడం గోదావరి, ఉత్తరాంధ్ర పల్లెలు ఎన్నోసార్లు చూశాయి. పొద్దున్న గాలి లేవకముందే, ఆరున్నరకల్లా మొదలుపెట్టండి. వైశాఖం, జ్యేష్ఠంలో అసలు వద్దు. నూలు బట్టలే వేసుకోండి, పాలిస్టర్ మీద నిప్పురవ్వ పడితే చర్మానికి అంటుకుపోతుంది. రెండు డ్రమ్ముల నీళ్లు, తడి గోనెసంచులు నాలుగు గుంత పక్కన లేకుండా అగ్గిపుల్ల గీయకండి.

అంటించడం. గుంత అడుగున ఎండు తాటాకు, కొబ్బరి డొక్కలు, సన్నటి పుల్లలు గూడులా పేర్చి పైనుంచి అంటించండి. కింది నుంచి కాదు. పైన మంట ఉంటే కింది నుంచి వచ్చే పొగ ఆ మంటలోనే మండిపోతుంది. పది నిమిషాల్లో అడుగున నిప్పుల పరుపు తయారవుతుంది.

పొరలు వేయడం. ఇప్పుడు బుర్ర చిప్పలు ఒక పొర వేయండి, రెండు మూడు చిప్పల మందం, అంతకంటే ఎక్కువ వద్దు. ఒక్కసారి గుమ్మరిస్తే మంట ఆరి పొగ లేస్తుంది. చిప్పలు అంటుకుని మంట ఎగస్తుంది. ఆ మంటే మనకి మూత. అది పైనున్న గాలినంతా తినేస్తుంది కాబట్టి కింద ఉన్న బొగ్గుకి గాలి దిగదు. పై పొర చిప్పల అంచుల మీద సన్నగా తెల్లటి బూడిద పట్టడం మొదలవగానే ఇంకో పొర వేయాలి. ఈ ఒక్క గుర్తు పట్టుకుంటే పనంతా వచ్చినట్టే. బూడిద పట్టకముందే వేస్తే పొగ. ఆలస్యం చేస్తే బొగ్గు తగ్గిపోతుంది.

తాటి పెంకు గట్టిది కాబట్టి కొబ్బరి డొక్కల కంటే నెమ్మదిగా కాలుతుంది. ప్రతి రెండు పొరలకి ఒకసారి ఎండు మట్టలో పుల్లలో కొన్ని వేస్తే మంట నిలబడుతుంది. ఇలా గుంత నిండేదాకా రెండు మూడు గంటలు పడుతుంది. ఆ సేపంతా గుంత వదిలి వెళ్లకూడదు. ఫోను వచ్చినా సరే.

ఆర్పడం. చివరి పొర మీద పసుపు మంట తగ్గి, పొట్టి నీలి మంటలు కనిపిస్తున్నప్పుడు నీళ్లు పోయండి. అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ పోయాలి, ఒక్కసారిగా మధ్యలో కుమ్మరిస్తే వేడి ఆవిరి మొహానికి కొడుతుంది. పారతో కలుపుతూ, మళ్లీ పోస్తూ, అడుగు దాకా తడవాలి. ఇంత గుంతకి కనీసం వంద లీటర్లు పడతాయి.

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. మొదటి ఏడాది నీళ్లు తక్కువ తెచ్చుకున్నాను. పైన తడిపి, మట్టి కప్పేసి, ఆరిపోయిందనుకుని ఇంటికి వెళ్లాను. మట్టిలో ఎక్కడో పగులు ఉండి గాలి దిగింది. తెల్లారి వెళ్లి తీస్తే సగానికి పైగా బూడిద. దిబ్బ పక్కన వేలు పెడితే ఇంకా వేడి. ఆ రాత్రి గాలి లేచి ఉంటే ఏమయ్యేదో అనుకుంటే ఇప్పటికీ టెన్షన్ పుడుతుంది. అప్పటి నుంచి నీళ్లతో ఆర్పాక కూడా బొగ్గుని ఒక రోజంతా బయటే పలచగా పరిచి ఉంచుతాను. ఇంట్లోకి గానీ గోదాంలోకి గానీ ఆ రోజు తేను.

పరీక్ష. బాగా అయిన బొగ్గుని విరిస్తే గాజులా "టింగ్" మని విరుగుతుంది. లోపల అంతా ఒకే నలుపు, మధ్యలో గోధుమరంగు ఉండదు. చేతికి అంటిన నలుపు ఉత్త నీళ్లతో పోతుంది. జిడ్డుగా ఉండి సబ్బు కావలసి వస్తే, తారు వాసన వస్తే, సరిగా కాలలేదు. అలాంటి ముక్కల్ని ఏరి మళ్లీసారి మొదటి పొరలో వేయండి. పది కిలోల ఎండు చిప్పలకి రెండు, రెండున్నర కిలోల బొగ్గు వచ్చిందంటే చేయి తిరిగినట్టే.

గుంత తవ్వే చోటు లేనివాళ్లకి నూనె డబ్బా పద్ధతి ఉంది. మూత గట్టిగా పట్టే పాత ఇనప డబ్బాలో చిప్పముక్కలు నింపి, మూతకి మేకుతో ఒక చిల్లు పెట్టి, కట్టెల మంటలో ఉంచండి. కాసేపటికి చిల్లులోంచి వాయువు వచ్చి దీపంలా మండుతుంది. ఆ దీపం దానంతట అది ఆరిపోయాక డబ్బాని మంటలోంచి లాగి, చిల్లు మీద తడిమట్టి పెట్టి, పూర్తిగా చల్లారాకే తెరవండి. చిల్లు లేకుండా మూత బిగిస్తే డబ్బా పేలుతుంది. రంగు డబ్బాలు, జింకు పూత రేకు డబ్బాలు వాడొద్దు, ఆ పొగ విషం. ఏ పద్ధతైనా ఆరుబయటే. మూసిన గదిలో బొగ్గుల వాయువు వాసన లేకుండా మనిషిని చంపుతుంది.

బొగ్గుని మట్టికి ఇవ్వడం

బొగ్గుని తెచ్చినది తెచ్చినట్టు మట్టిలో కలిపితే మొక్కలు పసుపురంగుకి తిరిగిపోతాయి. చాలామంది ఇక్కడే విసిగి వదిలేస్తారు. కారణం సులువు. కొత్త బొగ్గు ఖాళీ గదుల ఇల్లు లాంటిది, మట్టిలో ఉన్న నత్రజనిని, నీటిని ముందు తనే లాగేసుకుంటుంది. కాబట్టి ఆ గదులు మనమే ముందు నింపాలి.

బొగ్గుని గోనెసంచిలో వేసి రోకలితో దంచండి, శనగగింజ అంత, అంతకంటే చిన్న ముక్కలు కావాలి. తడిగా ఉండగా దంచితే దుమ్ము లేవదు. ఒక తట్ట బొగ్గుకి ఒక తట్ట చివికిన పశువుల ఎరువు కలిపి, జీవామృతం గానీ పలుచన చేసిన ఆవు మూత్రం గానీ చిలకరించండి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. నీడలో కుప్ప పోసి గోనె కప్పి, వారానికోసారి తిరగేస్తూ మూడు నాలుగు వారాలు ఉంచండి. అప్పుడు వానపాములు కుప్ప అడుగుకి వస్తే, ఇక కలపొచ్చన్నమాట.

మోతాదు: కుండీల్లో పది గిన్నెల మట్టికి ఒక గిన్నె ఈ మిశ్రమం. పెరటి మడులకి సెంటుకి 20 కిలోల బొగ్గు లెక్కన, పై ఆరంగుళాల్లో కలపండి. ఒక్కసారి వేస్తే చాలు, ఏటా వేయక్కర్లేదు. ఎరువు కుళ్లిపోతుంది గానీ బొగ్గు కుళ్లదు. అమెజాన్ అడవుల్లో అక్కడి ఆదివాసులు వందల, వేల ఏళ్ల కిందట బొగ్గు కలిపి తయారుచేసిన నల్లటి మట్టి ఇవాళ్టికీ సారంగానే ఉంది.

మీ నేల ఏదో చూసుకోండి. తీరపు ఇసుక నేలలు, ఎర్ర చెలకలు, ఆమ్లం ఎక్కువున్న నేలలు దీనికి బాగా స్పందిస్తాయి. నీరు నిలవదు అనుకున్న ఇసుకలో తేడా కంటికి కనిపిస్తుంది. నల్లరేగడికి, చౌడుకి మాత్రం నేను చెప్పను. బొగ్గుకి క్షార గుణం ఉంది, అక్కడ మేలు తక్కువ.

పొయ్యికి, ఉండలకి

దంచగా మిగిలే సన్నపొడి పారేయకండి. పది కిలోల పొడికి అర కిలో నుంచి ముప్పావు కిలో మైదా గానీ కర్రపెండలం పిండి గానీ జావలా కాచి కలిపి, ఉండలు చేసి నాలుగు రోజులు ఎండబెడితే పొయ్యి బొగ్గు తయారు. పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లులు ఉన్నాయి కాబట్టి అక్కడివాళ్లకి ఈ పిండి సులువుగా దొరుకుతుంది. గంజి కూడా పనిచేస్తుంది, కాకపోతే ఉండ కొంచెం పెళుసుగా ఉంటుంది. ఇస్త్రీ బళ్లవాళ్లు ఉండల కంటే పెద్ద చిప్పబొగ్గునే ఇష్టపడతారు. రవ్వలు ఎగరవు, వేడి చాలాసేపు నిలుస్తుంది. అమ్మాలనుకుంటే ముందు వాళ్లకి ఒక సంచి ఊరికే ఇచ్చి వాడి చూడమనండి.

ఈ బొగ్గుతో పళ్లు తోముకోవడం పాత అలవాటే. నేను వద్దంటాను. ఇంత గట్టి పెంకు బొగ్గు పంటి పైపూతని అరగదీస్తుంది. మంచినీళ్లు వడకట్టడానికి కూడా దీన్ని నమ్మొద్దు. ఫిల్టర్లలో వాడే బొగ్గుని మళ్లీ ఆవిరితోనో రసాయనాలతోనో చాలా ఎక్కువ వేడి దగ్గర శుద్ధి చేస్తారు. గుంతలో చేసింది అది కాదు.

ఈ పని మనం కొత్తగా కనిపెట్టింది కూడా కాదు. బ్రెజిల్ ఈశాన్యంలో మరన్యావ్ రాష్ట్రంలో బబాసు అనే అడవి తాటిజాతి చెట్టు ఉంది. దాని కాయలు ఏరి పగలగొట్టి పప్పు తీసేది దాదాపు అందరూ ఆడవాళ్లే. గొడ్డలి పదును పైకి పెట్టి, కర్రని కాలి కింద నొక్కిపట్టి, పదును మీద కాయ ఆనించి దుడ్డుకర్రతో కొడతారు. కాయ బరువులో పప్పు సుమారు 7 శాతమే. మిగతా పెంకంతా ఇంటికి తీసుకెళ్లి మట్టి కప్పిన గుంతల్లో బొగ్గు చేసుకుంటారు, దాని మీదే వంట. మా మేనత్త దెబ్బ, వాళ్ల దెబ్బ పక్కపక్కన చూడగలిగితే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

ఈ గుంతలో వేయకూడనివి

జీడిగింజల తొక్కలు. పలాస, ఉద్దానం వైపు ఇవి గుట్టలుగా ఉంటాయి, చూస్తే బుర్రల్లాగే కాల్చేయొచ్చనిపిస్తుంది. వద్దు. ఆ తొక్కలో చర్మాన్ని బొబ్బలెక్కించే ఘాటైన నూనె ఉంటుంది, దాని పొగ కళ్లకి, ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఆ నూనెకి రంగుల తయారీలో, బ్రేకుల తయారీలో గిరాకీ ఉంది, కాబట్టి తొక్కల్ని నూనె తీసే మిల్లుకే అమ్మండి. చాకళ్లు బట్టల మీద గుర్తులు పెట్టిన నల్లజీడి గింజ అయితే ముట్టుకోవడమే ప్రమాదం, దాని రసానికి వాపు, బొబ్బలు వస్తాయి. అడవి గింజల పెంకు ఏది దొరికినా, అది ఏ చెట్టుదో పెద్దవాళ్లని అడిగి తెలుసుకునేదాకా నిప్పులో వేయకండి.

కొబ్బరి చిప్పలు, సీమబాదం టెంకలు, మామిడి జీడి తీసిన టెంకలు నిరభ్యంతరంగా కలపొచ్చు. మామిడి టెంక పలచన కాబట్టి పై పొరల్లో వేయండి.

పాతర వేసే రోజు చేయవలసిన పని

ఇది వచ్చే భాద్రపదానికి. టెంకలు పాతరలో పేర్చే ముందు, పెద్దవి, బరువైనవి పాతిక పక్కకి తీయండి. నీళ్లలో వేస్తే మునిగేవే తీసుకోండి. తాటిచెట్లు ఇళ్ల స్థలాలకి, రోడ్లకి పోతున్న వేగం చూస్తూనే ఉన్నాం, మనం తినే ప్రతి తేగా చెట్టు కాగల మొలకే. ఈ పాతికని చెరువు గట్టు మీద, కాలవ గట్టు మీద, పదేసి అడుగుల ఎడంతో, నాలుగంగుళాల లోతున నేరుగా పాతండి. సంచిలో పెంచి తర్వాత నాటుదామంటే కుదరదు, వేరు చాలా లోతుకి దిగుతుంది, కదిపితే చచ్చిపోతుంది. మొదటి ఆకు బయటికి రావడానికే నెలలు పడుతుంది, ఏమీ రాలేదని తవ్వి చూడకండి. రెండేళ్లు పశువులు తొక్కకుండా చుట్టూ నాలుగు ముళ్ల కంపలు వేయండి. గీతకి రావడానికి పన్నెండు, పదిహేనేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. మొలక పక్కన ఒక దోసెడు ఎరువు పట్టిన బుర్రబొగ్గు కలిపాను కిందటేడు. ఇరవై ఐదింటిలో పంతొమ్మిది ఆకు వేశాయి. మిగిలిన ఆరు చోట్ల ఈసారి మళ్లీ పాతుతాను.